పడవలో కాపురం: ఇంజన్, నీళ్లు, లంగరు, వంటిల్లు

కాకినాడ వెళ్లినప్పుడల్లా మా ఆడపడుచు పిల్లలు ముందుగా అడిగేది, "అత్తా, అర్ధరాత్రి సముద్రంలో తుఫాను వస్తే ఏం చేస్తారు?" అని. మేం తిరిగే చోటు భూమధ్యరేఖకు దగ్గర, తుఫానులు అటు రావడం అరుదు అంటే వాళ్లకు నమ్మకం కుదరదు. నన్ను నిజంగా నిద్ర పోనివ్వనిది వేరే ఉంది. పడవ అడుగున, చేయి దూరనంత ఇరుకులో, ఒక రబ్బరు గొట్టాన్ని బిగించి పట్టుకున్న చిన్న స్టీలు క్లిప్పు. అది తుప్పుపట్టి తెగితే గాలీ వానా ఏమీ లేకుండానే, రేవులో కట్టేసిన చోటే పడవ మునిగిపోతుంది.

మాది 37 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. ఒకటే మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం), మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్. 1989లో కట్టిన పడవను 2017లో మలేసియాలోని లంకావి దీవిలో కొన్నాం. మా ఆయన మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. నేను 26 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. ఏడాదిలో పది నెలలు పడవలోనే ఉంటాం. లంకావి, పెనాంగ్, పాంగ్కోర్, కాలం బాగుంటే థాయ్‌లాండ్‌లో ఫుకెట్ దాకా తిరుగుతాం. తెరచాపలు, దారి, వాతావరణం ఆయన చూస్తారు. ఇంజన్, కరెంటు, నీళ్లు, వంట నావి. ఇంజన్ పని నేర్చుకున్నప్పుడు నాకు 54 ఏళ్లు. ఇదే పని మొదలుపెట్టాలనుకునే భార్యాభర్తలకు నేను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

కొనేముందు

పడవను నీళ్లలో చూసి డబ్బులు ఇవ్వకండి. ఒడ్డుకు ఎత్తించి, అమ్మేవాళ్లతో సంబంధం లేని సర్వేయరుతో పరీక్ష చేయించండి. ఆ ఖర్చు మీదే అయినా వెనకాడవద్దు. ఆయన చిన్న సుత్తితో అడుగంతా తట్టుకుంటూ పోతారు. గట్టి చోట టంగుమంటుంది, లోపల చెమ్మ చేరినచోట చప్పుడు మందంగా వస్తుంది. మీరు ఆయన పక్కనే ఉండి వినండి.

పడవ ధరలో పదోవంతు ఏటా మరమ్మతులకు పక్కన పెట్టుకోవాలని పడవవాళ్లు అంటారు. మా లెక్కల పుస్తకంలో కూడా ఏడేళ్ల సగటు అటూ ఇటూగా అంతే వచ్చింది. ఒక ఏడాది తక్కువైతే మరుసటి ఏడాది తెరచాప చిరుగుతుంది. చేతిలో ఉన్న డబ్బంతా పడవ ధరకే పెట్టేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది. అంతకంటే నాలుగు అడుగులు చిన్న పడవ కొనుక్కుని మిగిలింది బ్యాంకులో ఉంచుకోండి.

లంకావి 1987 నుంచి సుంకం లేని దీవి. పడవ సామాను తెప్పించుకోవడం సులువు, ఒడ్డుకు ఎత్తే యార్డులు ఉన్నాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి నిలకడగా ఉంటుంది, వానలు తక్కువ. మొదటి ఏడాది ఇలాంటి చోట గడపడం మంచిది. అసలు తెరచాపే పట్టుకోనివాళ్లు అయితే హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో చిన్న పడవల మీద నేర్పుతారు. గాలి ఎటునుంచి వస్తోందో మెడ మీద చర్మానికి తెలిసేదాకా అక్కడ నేర్చుకుని రండి.

నీటిమట్టం కింద ఉన్న కన్నాలు

మా పడవకు నీటిమట్టం కింద ఎనిమిది కన్నాలు ఉన్నాయి. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లకు ఒకటి, టాయిలెట్‌కు రెండు, సింకులకు రెండు, కాక్‌పిట్ (చుక్కాని పట్టుకుని కూర్చునే బయటి చోటు) నీళ్లు పోవడానికి రెండు, లోతు చూపే పరికరానికి ఒకటి. పడవలోకి అడుగుపెట్టిన రోజునే ఇవన్నీ ఎక్కడున్నాయో కాగితం మీద బొమ్మ గీసి, వంటగది గోడకు అంటించండి. రాత్రి కరెంటు లేకుండా, కళ్లు మూసుకుని కూడా ఇద్దరూ ఒక్కో వాల్వు దగ్గరికి చేరగలగాలి. మేం నెలకోసారి అలా చేసి చూసుకుంటాం.

లోతు చూపే పరికరం మినహా ప్రతి కన్నానికీ వాల్వు ఉంటుంది. దాన్ని సీకాక్ అంటారు. వారానికోసారి మూసి తెరవండి. అలా కదపకపోతే లోపల గుల్లలు పెరిగి బిగుసుకుపోతుంది, అవసరమైన రోజున కదలదు. మా పడవలో పాతవి ఇత్తడివి. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మాత్రం మిగులుతుంది. అప్పుడు రంగు గులాబీ వైపు తిరుగుతుంది, లోహం సుద్దముక్కలా పెళుసవుతుంది. రెండో ఏడాది ఒక సాయంత్రం సింకు వాల్వు తిప్పుతుంటే పిడి, దానితోపాటు వాల్వు పైభాగం నా చేతిలోకి ఊడివచ్చాయి. ఒకటిన్నర అంగుళాల కన్నం, నీటికి రెండడుగుల కింద. అలాంటి కన్నం గుండా నిమిషానికి వంద లీటర్లకు పైగానే నీళ్లు లోపలికి వస్తాయి. పక్కనే తాడుతో కట్టి ఉన్న మెత్తటి కొయ్య బిరడాను సుత్తితో దిగ్గొట్టాను. అంతా కలిపి అర నిమిషం పట్టిందేమో, అప్పటికే నా పాదాలు మునిగాయి. ఆ వారమే పడవను ఒడ్డుకు ఎత్తించి అన్నిటినీ కంచువి వేయించాం. గాజునార కలిపిన నైలాన్‌వి కూడా వస్తాయి, అవీ మంచివే.

కాబట్టి ప్రతి వాల్వు పక్కనా దాని కొలతకు సరిపోయే బిరడా కట్టి ఉంచండి. ప్రతి గొట్టానికీ రెండేసి క్లిప్పులు వేయండి, ఉప్పునీళ్లకు తట్టుకునే 316 రకం స్టీలువి. క్లిప్పు పైన మెరుస్తూ ఉన్నా స్క్రూ భాగం తుప్పు పట్టి ఉండవచ్చు. అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా అతుక్కుంటే అది నాసిరకం.

పడవ అట్టడుగున నీళ్లు చేరే చోటును బిల్జ్ అంటారు. ఆ నీళ్లు తోడే బిల్జ్ పంపు మీద రాసి ఉన్న అంకెను నమ్మకండి. గొట్టం పొడవు, ఎత్తు కలిస్తే అందులో సగం తోడితే గొప్ప. ఆ పంపు మీకు మేలుకుని పని చేసే సమయం ఇస్తుంది, కన్నం పూడ్చాల్సింది మీరే. పంపుకు చిన్న కౌంటర్ పెట్టించండి. రోజూ రెండుసార్లు తిరిగేది ఒకరోజు తొమ్మిదిసార్లు తిరిగితే, ఎక్కడో కారడం మొదలైందని అర్థం.

కరెంటు లెక్క

బ్యాంకులో జమా ఖర్చులు సరిచూసిన అలవాటు నాకు ఇక్కడ బాగా అక్కరకొచ్చింది. పడవలో కరెంటు 12 వోల్టులు, లెక్క ఆంపియర్ అవర్లలో (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడితే ఒకటి). మా రోజు ఖర్చు ఇది: ఫ్రిజ్ 55, ఫ్యాన్లు 16, ఫోన్లు, లాప్‌టాప్ 14, దారి చూపే పరికరాలు, రేడియో 10, దీపాలు, నీళ్ల పంపు కలిపి 7. మొత్తం 102. జమ వైపు, పైన వంద వాట్ల సోలార్ పలకలు నాలుగు ఉన్నాయి. ఎండ బాగున్న రోజు 110, 120 వస్తాయి. మబ్బు పట్టిన రోజు అందులో మూడోవంతు. మాస్ట్ నీడ చారలా పలక మీద పడినా రాబడి ఎంతో తగ్గుతుంది, అందుకే పలకలను వెనకవైపు పెట్టించుకున్నాం.

మామూలు లెడ్ బ్యాటరీలను సగానికి మించి వాడకండి. భారం ఏమీ లేకుండా కాసేపు వదిలేసి చూసినప్పుడు 12.7 వోల్టులు అంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఎప్పుడూ అరకొరగా నింపితే బ్యాటరీ లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గడ్డకట్టి అవి తొందరగా చచ్చిపోతాయి. మా మొదటి నాలుగు బ్యాటరీలు మూడేళ్లకే పోయాయి. తర్వాత లిథియంకు మారాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంత మింగుతుంది, ఇంజన్ మీద కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోగలదు. పైగా ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీలోని రక్షణ సర్క్యూటు ఉన్నట్టుండి తెగితే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. అందుకని ఇంజన్ కరెంటు నేరుగా పాత రకం స్టార్టర్ బ్యాటరీకి వెళ్లేలా, అక్కడినుంచి ఒక ఛార్జర్ ద్వారా లిథియంకు అందేలా పెట్టించాం. బ్యాటరీ మార్చడమంటే దాని చుట్టూ ఉన్నవన్నీ మార్చడమని తెలిసే దిగండి.

వైర్లు తగరం పూత ఉన్న రాగివి, సన్నటి పోగులవి వాడాలి. ఇంట్లో వాడే వైరు తెచ్చి వేస్తే రెండేళ్లలో తొడుగు లోపలే నల్లగా అయిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి చేతివేలంత దూరంలో ఉండాలి.

తుప్పును తనమీద వేసుకునే జింకు

రెండు రకాల లోహాలు ఉప్పునీళ్లలో కలిసి ఉంటే వాటిమధ్య చిన్న కరెంటు పుట్టి, బలహీనమైన లోహం కరిగిపోతుంది. ప్రొపెల్లరు కంచుది, దాని ఇరుసు స్టీలుది. వాటి బదులు కరగడానికే ఇరుసు మీద జింకు ముక్క బిగిస్తారు. అది సగం అరిగితే మార్చేయాలి. మాకు మామూలుగా పది నెలలు వస్తుంది. ఒకసారి ఒక మెరీనాలో (ఇలాంటి పడవలు కట్టేసుకునే రేవు) ఒడ్డు కరెంటు తీసుకుని ఉన్నప్పుడు ఏడు వారాల్లో మాయమైంది. ఒడ్డు కరెంటు ఎర్తు వైరు ద్వారా పక్క పడవల లోహాలు, మా పడవ లోహం కలిసిపోయి, వాళ్ల బదులు మా జింకు కరుగుతూ వచ్చింది. గాల్వానిక్ ఐసొలేటర్ అని ఒక పెట్టె ఉంటుంది, దాన్ని ఎర్తు వైరులో వేస్తే ఈ దారి మూసుకుంటుంది. అప్పటినుంచి ఆ బాధ లేదు. కొత్త మెరీనాకు వెళితే మొదటి నెలలోనే నీళ్లలోకి దిగి జింకు చూసుకోండి.

ఇంజన్

స్టార్ట్ చేసిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి, పొగగొట్టం నుంచి నీళ్లు ఉమ్మినట్టు పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే వెంటనే ఆపేయండి. చాలాసార్లు కారణం నీళ్ల పంపులోని రబ్బరు చక్రం, ఇంపెల్లర్. దాని రెక్కలు విరిగితే ఆ ముక్కలు ఇంజన్ వేడిని సముద్రపు నీళ్లలోకి పంపే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఇరుక్కుంటాయి. కొత్తది వేసి ఊరుకోకుండా ఆ ముక్కలన్నీ లెక్కపెట్టి బయటికి తీయాలి. నేను ఒకసారి ఒక్క ముక్క దొరకలేదని వదిలేశాను. నెల తర్వాత ఇంజన్ వేడెక్కింది, అది అక్కడే ఉంది.

డీజిల్‌లో నీళ్లు చేరితే ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవుల నల్లటి జిగురు పెరుగుతుంది. అలలు వచ్చినప్పుడే అది కదిలి ఫిల్టర్‌ను మూసేస్తుంది. అంటే ఇంజన్ అత్యవసరమైన క్షణంలోనే ఆగుతుందన్నమాట. ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ఉంటే రాత్రి చల్లదనానికి గోడలకు నీటిచుక్కలు పడతాయి. అడుగున గాజు గిన్నె ఉన్న ఫిల్టర్ పెట్టించుకుని ఇంజన్ వేసే ముందు దాన్ని చూడండి. ఫిల్టర్ మార్చాక డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి తీసే పని ఇద్దరూ నేర్చుకోవాలి. రేవులో ప్రశాంతంగా ఉన్నప్పుడు పదిసార్లు చేయండి, ఊగుతున్నప్పుడు చేతులు వాటంతట అవే చేస్తాయి. ఆయిల్ నేను వంద గంటలకోసారి మారుస్తాను. ప్రతి పనీ తేదీ, ఇంజన్ గంటలతో సహా పుస్తకంలో రాస్తాను.

చుక్కాని తీగలు, వాటి కప్పీలు కూడా ఈ పుస్తకంలోనే ఉండాలి. మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్న నౌకాదళ మహిళల బృందం 2017-18లో తారిణి అనే 55 అడుగుల పడవలో భూమిని చుట్టివచ్చింది కదా. ఆ ప్రయాణం చివర్లో చుక్కాని యంత్రాంగంలో తేడా వచ్చి వాళ్లు అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. అంత శ్రద్ధగా చూసుకున్న పడవకే అలా జరిగింది. అది చదివిన రోజే నేను మా చుక్కాని కింద పెట్టె తెరిచి చూశాను. తీగలో రెండు పోగులు తెగి ఉన్నాయి.

మాస్ట్‌ను పట్టి ఉంచే స్టీలు తీగలకు మెత్తటి కాగితం చుట్టి పైనుంచి కిందికి లాగండి. ఎక్కడ పోగు తెగి ఉంటే అక్కడ కాగితం చిక్కుకుంటుంది. చేతితో తడిమితే వేలు చీరుకుపోతుంది.

లంగరు

మేం తిరిగే మలక్కా జలసంధిలో ఏప్రిల్ నుంచి నవంబరు దాకా రాత్రులు, తెల్లవారుజామున పడమటినుంచి ఉరుములతో ఒక ఈదురుగాలి వస్తుంది. సుమత్రా దీవి వైపు నుంచి వస్తుంది కాబట్టి దాని పేరే సుమత్రా. పావుగంటలో గాలి 40 నాట్లకు (గంటకు సుమారు 74 కిలోమీటర్లు) పోతుంది, గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. ఆ గంట లంగరు పట్టి ఉంటే చాలు.

గొలుసు ఎంత వదలాలో మనసులో అంచనా వేయకండి, లెక్క వేయండి. పాటు మీద లోతు 5 మీటర్లు, పోటు వస్తే పెరిగేది రెండున్నర, నీటినుంచి పడవ ముక్కు ఎత్తు ఒకటిన్నర. మొత్తం 9. దానికి ఐదింతలు, అంటే 45 మీటర్లు కనీసం. గాలి వచ్చేలా ఉంటే ఏడింతలు. పాటు మీద చూసిన లోతుతోనే లెక్క వేసి, పోటు వచ్చాక కొట్టుకుపోయే పడవలను మేం చాలాసార్లు చూశాం. మా దగ్గర 10 మిల్లీమీటర్ల గొలుసు 70 మీటర్లు ఉంది, 20 కిలోల లంగరు. ప్రతి 10 మీటర్లకూ గొలుసుకు రంగు వేశాం.

లంగరు దించాక ఇంజన్‌ను వెనక్కి వేసి, మెల్లగా 2000 ఆర్పీఎం దాకా పెంచి ఒక నిమిషం ఉంచండి. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక ఒక ఇల్లు ఒకే వరసలో పెట్టుకుని చూడండి. ఆ వరస చెదరకపోతే లంగరు దిగినట్టే. ఆ తర్వాత నైలాన్ తాడు ఒకటి గొలుసుకు తగిలించి, ఊపు ఆ తాడు మీద పడేలా కట్టండి. నైలాన్ సాగుతుంది, గొలుసు సాగదు. పిడుగుల రాత్రి ఫోను, చేతి జీపీఎస్ తీసి స్టవ్ కింద ఉన్న ఒవెన్‌లో పెడతాం. ఇనుప పెట్టెలో ఉంటే బతికే అవకాశం ఎక్కువని పడవల్లో చాలామంది చేసేది ఇదే.

వంటిల్లు

గ్యాస్ గాలికన్నా బరువు. ఇంట్లో కారితే తలుపు కిందనుంచి కొంతైనా పోతుంది, పడవ కింద మూసి ఉన్న గిన్నె లాంటిది కాబట్టి బిల్జ్‌లోకి దిగి అక్కడే నిలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండరు బయట, అడుగున కన్నం ఉన్న పెట్టెలో ఉండాలి, ఆ కన్నం సముద్రంలోకి తెరుచుకోవాలి. వంట అయ్యాక ముందు సిలిండరు దగ్గర ఆపి, గొట్టంలో మిగిలింది మండి ఆరిపోయాక స్టవ్ నాబ్ మూస్తాను. నెలకోసారి కీళ్ల దగ్గర సబ్బునురుగు రాసి చూస్తాను. ఈ విషయంలో మా ఆయనతో సహా ఎవరినీ తొందరపడనివ్వను.

మన వంటకు పడవ బాగా కుదురుతుంది. కుక్కర్ మూత బిగిసి ఉంటుంది, పడవ ఒరిగినా పప్పు ఒలకదు, గ్యాస్ తక్కువ పడుతుంది. ఆవకాయ, చింతపండు, కందిపొడి, వడియాలు ఫ్రిజ్ అడగవు. ఇడ్లీ పిండి ఇక్కడి వేడికి ఐదు గంటల్లో పొంగుతుంది, గిన్నెలో సగమే పోయండి. పెనాంగ్ లిటిల్ ఇండియాలో అన్నీ దొరుకుతాయి. మలేసియాలోనే పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ వైపు, తరాల కిందట తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అక్కడ ఒక పెద్దావిడ నాకు కందిపప్పులో ఎండుమిరపకాయలు వేసి చిన్న చిన్న సీసాల్లో పోసుకోమని చెప్పారు. ఒక సీసాకు పురుగు పట్టినా మిగతావి నిలుస్తాయి.

అట్టపెట్టెలు పడవలోకి రానివ్వకండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయి. సామానంతా జెట్టీ మీదే సంచుల్లోకి మార్చి, కూరగాయలు కడిగి లోపలికి తెస్తాను.

నీళ్ల ట్యాంకు 360 లీటర్లు. ఇద్దరికీ రోజుకు 25 లీటర్లు వాడతాం, రెండు వారాలు వస్తాయి. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి, చివర ఒక్కసారి మంచినీళ్లతో తొలుస్తాం. రేవు దగ్గర నీళ్లతో మాత్రం అలా చేయకండి. ఎండకు కట్టిన గుడ్డ పందిరి మధ్యలో గొట్టం పెట్టి వాననీళ్లు పడతాం, మొదటి పది నిమిషాల వాన వదిలేస్తాం. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం మేం పెట్టించలేదు. దాని పొరకు క్లోరిన్ తగిలితే పాడవుతుంది, వాడకుండా వదిలేసినా పాడవుతుంది. వానలు ఇంత పడే చోట దాన్ని సాకడం అనవసరం అనిపించింది. పసిఫిక్ దాటేవాళ్ల సంగతి వేరు.

టాయిలెట్ గురించి రెండే మాటలు. తిన్నది తప్ప ఇంకేమీ అందులో పడకూడదు, కాగితం కూడా. నెలకోసారి రాత్రిపూట ఒక లీటరు వెనిగర్ పోసి వదిలేస్తే గొట్టాల్లో సున్నం పేరుకోదు.

ఒడ్డుకు ఎత్తినప్పుడు, ఇంటికి వెళ్లేటప్పుడు

వేడినీళ్ల సముద్రంలో అడుగున గుల్లలు తొందరగా పెరుగుతాయి. మేం 14 నెలలకోసారి ఎత్తించి, గీకి, రాగి కలిసిన రంగు వేయిస్తాం. ఆ పొడి విషం, మాస్క్ లేకుండా రుద్దకండి, పక్కన నిలబడను కూడా నిలబడకండి. వాల్వులు విప్పి గ్రీజు పెట్టడం, ఇరుసు బేరింగ్ ఊగుతోందేమో చూడటం, చుక్కానిని చేతులతో కుదిపి చూడటం, అన్నీ పడవ ఒడ్డు మీద ఉండే పన్నెండు రోజుల్లోనే. పని ఒప్పుకున్నవాళ్లకు రోజూ కాగితం మీద రాసి ఇస్తాను. నోటిమాట మీద చేయించిన పనికి ఒకసారి రెండుసార్లు డబ్బు కట్టాం.

రెండు నెలలు కాకినాడ వెళ్లేటప్పుడు తెరచాపలు దించి మడిచి లోపల పెడతాం. ఎండకు దారాలు పోవు, గాలికి విప్పుకోవు. కాక్‌పిట్ నీళ్లు పోయేవి తప్ప మిగతా వాల్వులన్నీ మూసేస్తాం. ఇంజన్ తాళంచెవిని మూసిన వాల్వు పిడికే తగిలిస్తాను, తెరవకుండా స్టార్ట్ చేయడానికి వీలుండదు. ఫ్రిజ్ తలుపు తీసి ఉంచి, పరుపులు నిలబెట్టి, చెక్క గోడలన్నీ వెనిగర్ గుడ్డతో తుడిచి వస్తాను, లేకపోతే తిరిగి వచ్చేసరికి బూజు. గ్యాస్ సిలిండరు విప్పేస్తాను. పక్క పడవవాళ్లకు ఒక తాళంచెవి, బిల్జ్ పంపు కౌంటర్ మీద ఆ రోజు ఉన్న అంకె రాసిన కాగితం ఇచ్చి, ప్రతి ఆదివారం దాని ఫొటో తీసి పంపమంటాను.